పాత ఇల్లు కొంటున్నారా? ఈసీలో కనిపించని ఇంటి పన్ను బకాయి సంగతి చూశారా?

అమృతలూరులో ఓ పాత ఇల్లు మీకు నచ్చిందనుకుందాం. బేరం కుదిరింది. 30 ఏళ్ల ఈసీ తీయించారు, తాకట్టు ఏమీ లేదు. లింకు డాక్యుమెంట్లు లాయరు చూశారు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. తీరా ఇంటి పన్ను మీ పేరుకు మార్చమని పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, ఏడేళ్ల బకాయి ఉందన్నారు. ‘ఆ ఏడేళ్లూ ఆ ఇల్లు నాది కాదు కదా, నేనెందుకు కట్టాలి?’ అని మీరు అడగడం న్యాయమే. కానీ ఈ బాకీ ఇంటిని పట్టుకుని ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం-1994 ప్రకారం ఇంటి పన్నుకు ఆ ఇంటి మీద ‘ఫస్ట్ చార్జ్’ ఉంటుంది. స్థలానికి సంబంధించి ప్రభుత్వానికి భూమి శిస్తు ఏదైనా ఉంటే ముందు అది, ఆ తర్వాత ఇదే. మున్సిపాలిటీల్లో ఆస్తి పన్నుకూ ఇలాంటి హక్కే ఉంది. కాబట్టి తెనాలి, రేపల్లె, బాపట్లలో కొనేవారికీ ఇదే వర్తిస్తుంది.

మరి ఈసీలో ఎందుకు రాలేదు? ఈసీలో వచ్చేది రిజిస్టరైన దస్తావేజుల వివరాలు మాత్రమే. పన్ను బాకీ ఉండేది పంచాయతీ డిమాండ్ రిజిస్టర్‌లో. ఈ రెండూ వేర్వేరు ఆఫీసుల పుస్తకాలు.

అమ్మినవారికి బాధ్యత లేదా?

ఉంది. ఆస్తి బదిలీ చట్టం-1882లోని 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మకం తేదీ వరకు ఉన్న పన్నులు అమ్మినవారే కట్టాలి. మీరు కట్టాల్సి వస్తే ఆ డబ్బు వారి నుంచి రాబట్టుకోవచ్చు. అయితే అప్పటికి వారు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, కొన్ని వేల రూపాయల కోసం కోర్టుకెక్కడం ఎంతమందికి గిట్టుబాటవుతుంది?

బకాయి సంగతి తెలియకుండా కొన్నవారికి కొంత రక్షణ ఉంది. అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1971లో ఈ విషయం తేల్చింది. చట్టంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప, బకాయి గురించి తెలియకుండా డబ్బిచ్చి కొన్న వ్యక్తి ఆస్తిపై ఈ చార్జ్‌ను అమలు చేయలేరని చెప్పింది. ఇక్కడే ఓ మెలిక ఉంది. అడిగితే తెలిసే విషయాన్ని కావాలని అడగకుండా ఉంటే, తెలిసినట్టే లెక్క. పైగా ‘నాకు తెలియదు’ అన్న వాదన తేలేది కోర్టులో. ఆ ధైర్యంతో విచారించకుండా కొనడం మంచిది కాదు.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందే పంచాయతీ కార్యదర్శిని కలవండి. అసెస్‌మెంట్ నంబరు, ఇంటి నంబరు చెప్పి, డిమాండ్ రిజిస్టర్‌లో పాత బాకీ ఎంత, ఈ ఏడాది డిమాండ్ ఎంత అని విడివిడిగా అడగండి. కుళాయి పన్ను, గ్రంథాలయ సెస్సు కూడా కలిపి చెప్పమనండి. అమ్మేవారు చూపించిన చివరి రశీదు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. అది ఆ ఏడాదికి కట్టినట్టు చెబుతుందే గానీ, అంతకుముందు ఏళ్ల సంగతి చెప్పదు. బకాయి లేదని రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

పల్లెల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేర్ల సంగతి. పన్ను ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే వస్తుంటుంది. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నా అసెస్‌మెంట్ నంబరు ఒక్కటే ఉంటుంది. మీరు తమ్ముడి వాటా కొంటే, అన్నగారి బాకీ కూడా ఆ నంబరు మీదే కనిపిస్తుంది. ఇలాంటిచోట నంబర్లు విడగొట్టించాకే ముందుకెళ్లండి. అన్నట్టు, అమృతలూరు 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలోకి వచ్చింది. పాత దస్తావేజుల్లో గుంటూరు జిల్లా అని ఉంటే కంగారు పడక్కర్లేదు.

మున్సిపాలిటీల్లో బకాయి త్వరగా పెరుగుతుంది. నెలకు 2 శాతం వడ్డీ. అర్ధ సంవత్సరానికి రూ.3,000 పన్ను మూడేళ్లు ఆగితే, ఆ ఒక్క వాయిదా మీదే వడ్డీ రూ.2,160 అవుతుంది.

కరెంటు బిల్లు కూడా చూసుకోండి. పాత యజమాని బాకీ తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తామని డిస్కంలు షరతు పెట్టవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

బకాయి ఉందని తేలితే బేరం వదులుకోనక్కర్లేదు. ఆ మొత్తాన్ని ధరలోంచి మినహాయించి మీరే పంచాయతీలో కట్టి రశీదు తీసుకోవచ్చు. అలా చేస్తే ఆ మాట అగ్రిమెంటులో రాయించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక పన్ను రికార్డులో పేరు మార్పుకు వెంటనే దరఖాస్తు చేయండి. పన్ను రశీదు మీ పేరున వచ్చినంత మాత్రాన అది యాజమాన్య పత్రం కాదు, హక్కుకు ఆధారం మీ దస్తావేజే. కానీ పేరు మారకపోతే డిమాండ్ నోటీసు పాత యజమాని పేరునే వస్తుంటుంది, మీకు తెలియకుండానే మళ్లీ బకాయి మొదలవుతుంది.