పెండ్లిపూవులు: పేరు, స్థానము, చరిత్ర

తెలుగువారి వివాహమున పూవు లేని ఘట్టము అరుదు. పెండ్లికూతురి జడయందు, వధూవరుల మెడలయందు, పందిరి గుంజలకు, చెండ్లాటలో చేతులయందు అది కనబడును. అయితే ఆ పూవు ఏది? పూర్వాచారము ననుసరించి బంతి, చామంతి, మల్లె అని సాధారణముగా సమాధానము లభించును. ఈ మాటలో పూర్వత యెంతయో విచారించుట ఈ వ్యాసోద్దేశము. విషయము వేడుకకు సంబంధించినదిగా, చిన్నదిగా తోచవచ్చును. కాని కావ్యములందలి పుష్పనామములకు అర్థము చెప్పు ఉపాధ్యాయులకును, అట్టి నామముల నాధారముగా గొని గ్రంథకాలమును నిర్ణయింపజూచు పరిశోధకులకును ఇచట పొరపాటు దొర్లుటకు మిక్కిలి అవకాశము కలదు.

వైదికవివాహమునకు ప్రాణభూతములైన క్రియలు పాణిగ్రహణము, లాజహోమము, సప్తపది. వీనికి అగ్ని వలయును, పేలాలు వలయును. పూవుపై ఆధారపడిన క్రియ వీనిలో ఒక్కటియు లేదు. కావున పెండ్లిపూవుల యెన్నిక శాస్త్రమునకంటె దేశాచారమునకును, ఋతువునకును లోబడి పెరిగినదని మేము తలంచుచున్నాము.

ఇందులకు కాళిదాసు కావ్యములు మంచి నిదర్శనములు. రఘువంశము ఆరవ సర్గమున స్వయంవరమునకు వచ్చిన ఇందుమతి మాల గరికతో గూర్చిన మధూకపుష్పముల మాల. కుమారసంభవము ఏడవ సర్గమున పార్వతిని పెండ్లికూతురిగా అలంకరించునపుడు ఆమె కేశములకు చుట్టినదియు గరికతో కూడిన మధూకమాలయే. మధూక మనగా మన ఇప్ప. ఈ రెండు కావ్యములకును సంజీవనీవ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు ప్రాంతమువాడగుట మనము స్మరింపదగిన విషయము. ఇప్ప వసంతమున, ఆకు రాలిన కొమ్మలపై పూచి, వేకువకు నేలరాలును. దాని రేకు కండగలది, తీపిది, ఆహారముగా ఉపయోగపడునది. గరిక కణుపు కణుపున వేరుదన్ని విస్తరించును. సమృద్ధిని, సంతానమును కోరు సమయమున ఈ రెండును జతపడుట సహజమే. గోండులు, కోయలు ఇప్పచెట్టును నేటికిని పూజ్యముగా భావింతురు. మైదానప్రాంతపు పెండ్లిపందిళ్లలో మాత్రము ఇప్పపూవు ప్రాయికముగా కానరాదు. కవికి మంగళప్రదముగా తోచిన పూవే కాలాంతరమున పందిరికి దూరమైనది.

దూరమైన పూవు స్థానమును ఆక్రమించినవానిలో బంతి ముఖ్యము. నేడు ద్వారమునకు మామిడాకుల తోరణముతోపాటు బంతిదండ లేని పెండ్లియిల్లు ఉండదు. కాని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము ప్రకారము ఈ మొక్క జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. 1492లో కొలంబసు యాత్రతో ఆ ఖండమునకు దారి యేర్పడిన తరువాతగాని అది సముద్రము దాటి మన దేశమునకు వచ్చియుండదు. కావున నన్నయ, తిక్కనల కాలపు పెండ్లిలో ఈ పూవు ఉండుటకు వీలులేదు. ప్రాచీనకావ్యములందు కనబడు 'పూబంతి' శబ్దమునకు పూలచెండు అని అర్థము. అందు బంతి గుండ్రని వస్తువేకాని మొక్క పేరు కాదు. క్రొత్తగా వచ్చిన పూవు చెండువలె గుండ్రముగా నుండుటచే బంతిపూవు అను పేరు దానికి సరిపడినది. పూబంతిని చూచి బంతిపూవని వ్రాసిన టీక శతాబ్దుల అంతరమును చెరిపివేయును.

చామంతి కథ మరియొక విధము. ఈ మాట సంస్కృత సేమంతీ శబ్దభవము. మోనియర్ విలియమ్సు 1899 నాటి నిఘంటువునందు ఆ శబ్దమునకు తెల్లని గులాబిజాతి పూవని అర్థము చెప్పియున్నాడు. మనము నేడు చామంతి యని పిలుచు మొక్క చీనా మొదలగు తూర్పు ఆసియా దేశములనుండి వ్యాపించినది. పేరు ప్రాతది, అర్థము క్రొత్తది. మెక్సికోనుండియే వచ్చిన మరియొక పరిమళపుష్పమునకు మనవారు సంపెంగ పేరునే తీసికొని, ముందు 'నేల' చేర్చి నేలసంపెంగ యనిరి. గులాబి పేరు పారసీకభాషనుండి వచ్చినది. అచట గులాబ్ అనగా పన్నీరు, అది మనకు పూవు పేరైనది. 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరవాసులకు గులాబులు అన్నమువలె అత్యవసరములని వ్రాసియున్నాడు. ఈ విధముగా ఆకారమునుబట్టి, అర్థము మారుటచే, విశేషణము చేర్చుటచే, పరభాషనుండి గ్రహించుటచే నాలుగు త్రోవల క్రొత్త పూలు తెలుగు పేళ్లను పొందినవి.

అట్లయినచో సంప్రదాయ మనునది లేదా? కలదు. అది పూవుయొక్క జాతియందుగాక, స్థానమునందు నిలిచియున్నది. జడ, నుదుట బాసికము, మెడలో దండ, ద్వారము, చేతిలో చెండు అను స్థానములు నిలుచును. వానిని నింపు పూలు మారును. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద దీనికి ఉత్తమోదాహరణము. విష్ణుచిత్తుడు స్వామికి కట్టిన మాలను గోదాదేవి తాను ముందుగా ముడుచుకొన్నది. ఆ కథ శ్రీరంగనాథునితో ఆమె వివాహమునకు దారితీసినది. గ్రంథనామమే ఆ క్రియను తెలుపును. మాల ఏ పూలతో కట్టబడినదనుట కథకు ఇరుసు కాదు. ఎవరు ముడిచి ఎవరికిచ్చిరనుటయే ఇరుసు.

నేడు కడియపులంక, గుడిమల్కాపూరు పూల అంగళ్లలో మల్లె, కనకాంబరముల ప్రక్కన ఆర్కిడ్ పూలు సయితము పెండ్లివారికి లభించుచున్నవి. ఇవి మన ఆచారమును చెరచుచున్నవని విచారపడుట చరిత్రకు సరిపడదు. బంతియు ఒకనాడు ఇట్లే అతిథిగా వచ్చినది. విచారింపదగినది వేరు. మొగలిరేకులతో, మల్లెమొగ్గలతో పూలజడ కుట్టు నేర్పును, చెండ్లాటపాటలను ఎరిగిన వృద్ధస్త్రీలు నానాటికి తగ్గుచున్నారు. వారితో ఆయా ఊళ్లలో ఏ పేరు ఏ మొక్కకు చెల్లుచున్నదను జ్ఞానమును నశించును. పెండ్లిపాటలను సేకరించు విద్యార్థులు పూవు పేరును మాత్రమే వ్రాసికొని తృప్తిపడక, మొక్కను చూచి, దాని రూపమును, పూచు ఋతువును, పెండ్లిలో దానిని ఉంచు స్థానమును కూడ గుర్తింపవలెనని మా మనవి. అట్టి వివరములు లేని పదకోశము పేళ్లను భద్రపరచునేగాని పూలను భద్రపరచజాలదు.