చుక్కానికి చమురు తోడు



తిరుమల కొండ యెక్కు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారు లోయను చూతురు, శిఖరమును చూతురు, గోవిందనామమును స్మరింతురు. డ్రైవరు చేతులను చూచువారు అరుదు. ఆ చేతులలోని చక్రము ఒక్క మలుపున మాట వినకున్నచో, వెనుక కూర్చున్నవారి ప్రాణములు గాలిలో దీపములే. అట్టి చక్రమునకు చమురు బలము ఎట్లు తోడైనదో, ఆ బలమును పెంచుటకై కొండదారి జీపులకు నేడు చేయు మార్పులలో మేలెంతయో, కీడెంతయో పెద్దలకు మనవి చేయుదును.

మన ఎద్దులబండికి చుక్కాని లేదు. కాడి తిరిగినచో బండియంతయు తిరుగును. నాలుగు చక్రముల బండికి ఆ సుఖము లేదు. పూర్వము ముందు ఇరుసు మొత్తమును నడిమి మేకుపై త్రిప్పెడివారు. ఇరుకు మలుపులలో బండి బోర్లపడుటయు కలదు. మ్యూనిక్ నగరమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ అను శిల్పి, ఇరుసును కదలనీయక చక్రములను మాత్రమే త్రిప్పు ఉపాయమును కనిపెట్టెను. ఆయన పక్షమున ఆకర్‌మన్ అనువాడు 1818లో లండనునందు దానికి పేటెంటు పొందెను. మలుపులో లోపలి చక్రము ఎక్కువగను, వెలుపలి చక్రము తక్కువగను తిరుగుట ఇందలి సూత్రము. మోటారు బండ్లన్నియు ఆ దారినే నడచినవి.

మోటారు బరువెక్కిన కొలది మనుష్యుని చేతిబలము చాలదయ్యెను. అందుచే చక్రపు కడ్డీ చివర మరచుట్టును అమర్చి, దానిచే పండ్లచక్రమును త్రిప్పు పెట్టె నొకటి చేసిరి. అదియే స్టీరింగు పెట్టె. ఇది ఏతమువంటిది: తక్కువ బలముతో ఎక్కువ బరువును కదలించును, కాని చేతిని ఎక్కువ దూరము నడిపించును. బలము మిగిలిన చోట కాలము ఖర్చగును. మైదానములో ఇది బాధ కాదు. కొండమలుపులో బాధయే.

ఇచ్చట మన కొండను స్మరింపవలెను. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944 ఏప్రిలులో తెరవబడినది. ఆ దారి రూపకల్పనతో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు ముడివడి యున్నది. సుమారు 19 కిలోమీటర్ల దూరములో 36 హెయిర్‌పిన్ మలుపులున్నట్లు లెక్క. వెనుకకు మడిచిన తలపిన్నువలె దారి తన మీదికే తిరిగివచ్చును గనుక ఆ పేరు. చమురు తోడులేని బస్సును అట్టి మలుపుల వెంట నడుపుట యనగా, బరువు మోయు పనితో సమానము. 1974లో రెండవ దారి యేర్పడినది. అందు అట్టి తీవ్రమైన మలుపులు బహుకొద్ది. అప్పటినుండి క్రొత్తదారి ఎక్కుటకును, పాతదారి దిగుటకును వాడుకలోనికి వచ్చినవి. మలుపులు మెండుగా గల దారి దిగుడుదారి యగుటను జ్ఞాపకముంచుకొనుడు. దానితో ముందు పని యున్నది.

చేతికి యంత్రబలమును తోడుచేయు తలపు మొదట సముద్రముపై పుట్టినది. గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌకకు 1860ల నాట మెక్‌ఫార్లేన్ గ్రే అను ఇంజనీరు ఆవిరితో చుక్కానిని త్రిప్పు యంత్రమును అమర్చెను. నావికుడు చక్రమును ఎంత త్రిప్పునో చుక్కానియు అంతయే తిరిగి, తనంత తానే ఆగును. ఆజ్ఞ మనుష్యునిది, శ్రమ యంత్రముది. ఈ మర్యాదయే నేటికిని మన బస్సులలోని యంత్రమునకు ప్రాణము.

భూమిపై ఆవిరికి బదులు చమురు వచ్చెను. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట అదిమినచో ఆ ఒత్తిడి అన్నివైపులకును సమానముగా ప్రాకునని పాస్కలు పదునేడవ శతాబ్దమున చెప్పెను. 1795లో బ్రామా అను ఆంగ్లేయుడు ఆ సూత్రముతో గొప్ప ప్రెస్సును చేసెను. పియర్స్ ఆరో కంపెనీ లారీల శాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికను ఇంజనీరు 1926లో చమురు బలముతో తిరుగు స్టీరింగును చేసి చూపెను. ఖర్చు హెచ్చని కార్ల కంపెనీ దానిని ప్రక్కన పెట్టెను. రెండవ ప్రపంచ యుద్ధమున బరువైన కవచపు బండ్లకు అది అక్కరకు వచ్చెను. కార్లు కొను సామాన్యులకు 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో అందినది. మన బస్సులకును లారీలకును మరింత ఆలస్యముగా, క్రమక్రమముగా వచ్చినది.

ఈ పెట్టెలోపల జరుగు పని యిది. ఇంజను ఒక పంపును త్రిప్పును. పంపు చమురును ఒత్తిడితో పంపును. పెట్టెలో పిస్టను, దానికి ఇరువైపుల రెండు గదులు కలవు. చక్రమును కుడికి త్రిప్పినచో ఒక గదికిని, ఎడమకు త్రిప్పినచో రెండవ గదికిని కవాటము చమురును పంపును. చేయి ఆగినచో కవాటము నడిమికి వచ్చి బలము చాలించును. ఇవన్నియు నున్నను, చక్రపు కడ్డీకిని బండి చక్రములకును ఇనుప సంబంధము తెగిపోలేదు. చమురు కారిపోయినను చేతితో, కష్టముగానైనను, త్రిప్పవచ్చును.

ఇక జీపుల మాట. విల్లీస్ జీపు యుద్ధకాలమున పుట్టినది. 1947 నుండి బొంబాయిలో మహీంద్రావారు దానిని కూర్చనారంభించిరి. అడవిదారులలో, ఏటి ఇసుకలలో, రాళ్లగుట్టలపై నడపుటకు యజమానులు దానికి పెద్ద టైర్లు తొడుగుదురు. టైరు పెరిగిన కొలది పెట్టెపై భారము పెరుగును. రెండు బండల నడుమ చక్రము చిక్కుకొన్నచో పెట్టెలోని పండ్లు విరుగుటయు కలదు. దీనికి అమెరికాలోని రాళ్లదారుల మేస్త్రీలు ప్రచారమునకు తెచ్చిన ఉపాయము, పెట్టెకు రెండు బెజ్జములు తొలిచి, రెండు గదులనుండి రెండు గొట్టములు తీసి, వానిని వేరొక సిలిండరుకు కలుపుట. ఆ సిలిండరు ఇరుసుకును, చక్రములను జోడించు కడ్డీకిని నడుమ నుండి, పెట్టెతో పాటు తానును నెట్టును. భారము పెట్టె నుండి ఇరుసునకు దిగును.

లెక్క చూడుడు. సిలిండరు లోపలి వ్యాసము 5 సెంటీమీటర్లు, చమురు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 70 కిలోలు అనుకొందము. నెట్టునపుడు వచ్చు బలము సుమారు 1370 కిలోలు. పిస్టను కడ్డీ లావు రెండున్నర సెంటీమీటర్లయినచో, లాగునపుడు ఆ కడ్డీ ఆక్రమించిన చోటు పోగా సుమారు 1030 కిలోలే మిగులును. అనగా ఒక వైపున బలము ఎక్కువ, వేరొక వైపున తక్కువ. కడ్డీ ఇరువైపులకును వచ్చు సిలిండరులో ఈ వ్యత్యాసము లేదు. క్రొత్త సిలిండరు నింపుటకు చమురు ఎక్కువ కావలెను. పాత పంపు చాలకున్నచో చక్రము త్వరగా త్రిప్పునపుడు బిగుసుకొనును. చమురు వేడెక్కును గనుక చల్లబరచు ఏర్పాటును కావలెను. బెజ్జము తొలుచునపుడు రాలిన ఇనుప రజనులో ఒక్క రేణువు మిగిలినను కవాటమును చెరుపును. పెట్టె గోడ పలుచనైన చోట తొలిచినచో అది పగులును.

ఇంతకంటె దూరము పోయి కొందరు ఇనుప సంబంధమునే తీసివేసి, చమురు మాత్రమే ఆజ్ఞను మోయునట్లు చేయుదురు. పలు ట్రాక్టర్లలో కంపెనీవారే అట్లు చేసి యున్నారు. పొలములో మెల్లగా నడచు బండికి అది చెల్లును. వేగముగా పోవు జీపులో గొట్టము ఒక్కటి తెగినచో చక్రము చేతిలో ఊరక తిరుగును. కొండదారిలో అంతకంటె అపాయము వేరొకటి లేదు.

పాత ఘాటు రోడ్డు దిగుడుదారి యని పైన మనవి చేసితిని. నూనె మిగులునని దిగుడులో ఇంజను ఆర్పు అలవాటు కొందరికి కలదు. ఇంజను ఆగినచో పంపు ఆగును. పంపు ఆగినచో చమురు తోడు పోవును. పెద్ద టైర్ల బండి మలుపులో మొండికెత్తును. విద్యుత్తు బస్సులలో వేరొక మోటారు ఈ పంపును నడుపును గాని, డీజిలు బండ్లకు ఇంజనే ఆధారము.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీ తెలిపిన వివరములకు భిన్నముగా బండిని మార్చి రోడ్డుపై నడపరాదు. 2019లో సుప్రీముకోర్టు ఈ మాటనే గట్టిగా నిలిపినది. కనుక మీ కుమారుడో, మనుమడో జీపు పెట్టెకు బెజ్జములు వేయింపదలచినచో మూడు ప్రశ్నలు అడుగుడు: రవాణా అధికారుల అనుమతి యున్నదా? చమురు పోయినను చేతితో త్రిప్పుటకు ఇనుప సంబంధమున్నదా? తొలిచిన మేస్త్రీకి ఆ పెట్టెలోని దారులు తెలియునా? మూడింటిలో ఒక్కదానికి కాదను జవాబు వచ్చినను ఆ బండిని కొండ యెక్కింపకుడు.

నౌకలో ఆవిరి, జీపులో చమురు, బస్సులో విద్యుత్తు. తోడుపడు బలము మారినది గాని ధర్మము మారలేదు. తోడు వచ్చినవాడు తోడుగనే యుండవలెను. దారి చూపు చేయి మనుష్యునిదిగనే మిగులవలెను. ఆ కట్టుబాటు నిలిచినంతకాలము కొండయెక్కిన వారందరును క్షేమముగా దిగుదురు గాక.