కేడీ: రెండక్షరాల వెనక

కేడీ: పంచదార డబ్బా ఖాళీ చేసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డ మనవణ్ణి చూసి నెల్లూరు అవ్వ "బలె కేడీవబ్బా!" అంటుంది. తిట్టు కాదు, మురిపెం. 1978లో ఎన్టీ రామారావు సినిమాకు 'కేడీ నెం.1' అని పేరు పెడితే అందులోనూ హుషారే వినబడింది. తీరా చూస్తే ఇది మన మాటే కాదు. మద్రాసు పోలీసు రికార్డుల్లోని 'నోన్ డెప్రిడేటర్'కి పొడి అక్షరాలు. తెలిసిన దొంగ అని అర్థం.

తెలిసిన: చిక్కంతా ఈ విశేషణంలోనే ఉంది. ఎవరికి తెలిసిన? పోలీసుకి. ఎప్పుడు తెలిసిన? కొందరి విషయంలో, పుట్టినప్పుడే.

నేరస్త జాతి: జాతులకు జాతులనే పుట్టుకతో నేరస్తులుగా ముద్రవేసిన 1871 నాటి చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. అందులో ఇరుక్కున్నవాళ్లలో ఎరుకలవారు ముఖ్యులు. బుట్టలల్లడం, సోది చెప్పడమే కాదు, ఎద్దుల మీదా గాడిదల మీదా కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు మోసుకెళ్లి ధాన్యానికి మార్చిన వర్తకులు వాళ్లు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, సరుకు రైలెక్కింది. బేరం పోయినా తిరుగుడు మిగిలింది. ఆ తిరుగుడే నేరానికి రుజువైంది! ఇంతకంటే అన్యాయపు తర్కం నాకు తెలీదు.

సెటిల్మెంటు: అలా ముద్రపడ్డవాళ్లను కట్టడిలో ఉంచే ఊళ్లివి. 1913లో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టువర్టుపురం వెలిసింది. మన నెల్లూరు తీరంలో కావలి సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్ప మరొకటి. అక్కడివాళ్లు హాజరు పలకాల్సి వచ్చేది, గడప దాటితే పాసు ఉండాల్సి వచ్చేది.

నీలాపనింద: చవితి చంద్రుణ్ణి చూసిన కృష్ణుడికి శమంతకమణి దొంగ అని పేరొచ్చింది. అడవంతా గాలించి మణి తెచ్చిచ్చి నింద పోగొట్టుకున్నాడు. మరి జాతి మొత్తానికి అంటగట్టిన నింద పోవాలంటే ఏ మణి తేవాలి?

బలిపశువు: ఈ మాట ఇక్కడ అంతగా అతకదు. బలిపశువును ఒక్కసారే నరుకుతారు. బైబిల్లో ఊరందరి పాపాలూ నెత్తిన పెట్టి, ప్రాణంతోనే అడవికి తోలేసే మేక ఒకటుంది. సెటిల్మెంటు మనిషికి ఆ మేకే దగ్గర.

విముక్త జాతి: మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని మీద పోరాడినవాళ్లలో యానాది గిరిజనుల కోసం బతుకంతా ధారపోసిన నెల్లూరువాసి వెన్నెలకంటి రాఘవయ్య ఒకరు. అయితే, 1948లోనే మద్రాసులో 'అలవాటు నేరస్తుల' చట్టం పుట్టుకొచ్చింది.

మనవణ్ణి కేడీ అని ముద్దుచేసుకోండి, తప్పులేదు. స్టువర్టుపురం పేరు చెప్పి వేసే దొంగల జోకు మాత్రం ఇక మానండి.