లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా

లింగంపల్లిలో ఎక్కి ఫలక్‌నుమాలో దిగితే హైదరాబాద్ చరిత్రని వెనక్కి చదివినట్టే అని చాలాకాలం అనుకునేవాణ్ణి. ఇటు అద్దాల ఆఫీసులు, అటు పాతబస్తీ. తీరా పట్టాల వయసు చూస్తే లెక్క తిరగబడింది.

హైటెక్ సిటీ స్టేషన్ మీదుగా పోయే దారే ముసలిది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి వేసిన లైన్ అది. బొంబాయి-మద్రాసు రైలుమార్గం వాడి మీదుగా పోయేది. దానికి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ని కలపాలని బ్రిటిష్ వాళ్ల పట్టు. సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజులవి. ఖర్చు భారం నిజాం ప్రభుత్వానిది. చార్మినార్ చుట్టూ ఉన్న అసలు ఊరేమో మూసీకి దక్షిణాన ఉండిపోయింది. ఊరి సొమ్ముతో వచ్చిన రైలు ముందు దండు దగ్గరికి వెళ్లిందన్నమాట!

పాతబస్తీ అంచున పోయే పట్టాలు ఆ తర్వాతివి, అవీ మీటర్ గేజ్. కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో. ఆ గుమ్మటాలూ మినార్లూ చూసి ఇదే పాతదనుకుంటాం (నేనైతే అనుకున్నాను). వాడి లైన్ బ్రాడ్ గేజ్ కాబట్టి అక్కడి బండి ఇక్కడికి రాదు, ఇక్కడిది అక్కడికి పోదు. ఒకే ఊళ్లో రెండు రైళ్ల లోకాలు. మీటర్ గేజ్ పోయి, 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. మొదలయ్యాక గానీ ఆ రెండూ ఒక్క టికెట్ కిందికి రాలేదు.

దానికోసం కొత్తగా వేసిన పట్టాలు తక్కువే. ఉన్న దారినే ఎక్స్‌ప్రెస్‌లతో, గూడ్సులతో పంచుకోవాలి. పెద్ద బండి వస్తే లోకల్ పక్కకి తప్పుకోవాల్సిందే. దండు కోసం, దూరప్రయాణాల కోసం వేసిన దారి మీద ఆఫీసు టైముకి చేరాలనుకోవడం కొంచెం అత్యాశేనేమో.

కానీ ఆ ఆశ అవసరం ఎవరికి? 2017లో మెట్రో వచ్చింది. మొదటి దశలో అది ఎం.జి.బి.ఎస్. దగ్గరే ఆగింది, చార్మినార్ వైపు పోలేదు. దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ వాళ్లకి ఇంటి దగ్గర దొరికే రైలు ఈ లోకలే. అది ఆలస్యమైతే నాలాంటివాడు క్యాబ్ బుక్ చేసుకుంటాడు. రోజుకూలికి పోయేవాడికి ఆ పూట పనే పోవచ్చు. లోకల్ గురించి జోకులేసేటప్పుడు మనకి గుర్తుండనిది ఇదే.

కాచిగూడ దాటాక మూసీ వంతెన వస్తుంది. కిటికీ పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. మలక్‌పేటలో దిగేవాళ్లు అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంటారు.