ఉప్పెన కంటె ముందు చేరవలసిన కబురు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికి సముద్రం పొంగి వచ్చినది. మామూలు పోటు మట్టానికి 13 అడుగుల పైన లేచిన నీరు కృష్ణా డెల్టాలో మైళ్ల కొలది లోపలికి పారినది. సుమారు 30,000 మంది మరణించారు. అంతకు ముందు నెలలో, అక్టోబరు 5న, మరొక తుఫాను కలకత్తాను ధ్వంసం చేసినది.

ఇటువంటి తుఫానులలో ఎక్కువ మందిని చంపేది గాలి కాదు, నీరు. తుఫాను నడిమి భాగంలో వాయుభారం తగ్గుతుంది. ఒక్కొక్క మిల్లీబారు తగ్గుదలకు సముద్ర మట్టం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. అనగా, 70 మిల్లీబార్లు తగ్గినా పెరిగేది ముప్పాతిక మీటరు లోపే. మిగిలిన నీటిని తీరం మీదికి నెట్టేది గాలియే. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. కనుక తుఫాను పడమటి దిక్కుగా ఆంధ్ర తీరం దాటినపుడు, దాటిన చోటికి ఉత్తరాన గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తుంది. సముద్రం లోతు తక్కువైన చోట, ఆ నీరు అడుగుకు మళ్లే వీలు లేక పైకి లేస్తుంది. ఇదే ఉప్పెన.

'సైక్లోన్' అనే మాటను 1848లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుండి కల్పించాడు. ఆయన గ్రంథం నావికుల కొరకు వ్రాసినది. 1865లో కలకత్తా రేవులో ఏర్పడిన హెచ్చరిక పద్ధతి కూడ ఓడల కొరకే. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపించబడినది. అయినా తీరాన ఉన్న పూరిపాకలకు ఆ కబురు చేరడానికి చాలా కాలం పట్టినది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినది. తుఫాను వస్తున్నదని తెలిసినా జనాన్ని పెద్ద ఎత్తున తరలించడం జరుగలేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చిన నీటిలో పది వేలమందికి పైగా మరణించారు.

ఆ తరువాత తీర గ్రామాలలో కాంక్రీటుతో తుఫాను రక్షణ భవనాలు లేచాయి. 1983 నుండి ఇన్సాట్ ఉపగ్రహం ఆకాశం నుండి మేఘాల చిత్రాలను పంపసాగినది. 1990 మే 9న మరొక తీవ్ర తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటినది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే సురక్షిత స్థలాలకు చేర్చారు. పంటలకు, ఇండ్లకు అపార నష్టం కలిగినది. కాని మృతుల సంఖ్య వెయ్యికి లోపుననే ఉన్నది.

1977కూ 1990కీ నడుమ సముద్రం మారలేదు, తీరం మారలేదు. మారినది కబురు చేరిన తీరు, దానిని నమ్మి జనం కదిలిన తీరు. ఒక్క సంగతి మాత్రం ప్రతి విద్యార్థి ఇంటిలో చెప్పదగినది. తుఫాను 'కన్ను' పైన ఉన్నంతసేపు గాలి అణగిపోతుంది. ఆపద దాటినదని అపుడు బయటికి రారాదు. కొంతసేపటికే ఎదురు దిక్కు నుండి గాలి మరల విజృంభిస్తుంది.