రెటీనా: ఒక లఫ్జు సఫర్‌నామా



షుగరు జబ్బు లేని ఇల్లు ఇప్పుడు మన మొహల్లాల్లో వెతికితే గానీ దొరకదు. ఆ జబ్బు వెంట మన ఇళ్లలోకి వచ్చిన ఇంగ్లీషు మాటల్లో ఒకటి రెటీనా. "ఏడాదికోసారి రెటీనా చూపించుకోండి" అని డాక్టర్లు చెప్పీ చెప్పీ, బడి మొహం చూడని దాదీలకూ నానీలకూ కూడా ఆ మాట నోట తిరిగింది. కనుగుడ్డు లోపల, వెనక గోడకు పరుచుకుని ఉండే పల్చటి పొర అది. వెలుగు వచ్చి పడేది దాని మీదే. అక్కణ్ణుంచి నరం గుండా దిమాగ్‌కు కబురు వెళ్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో నేత్రపటలం అని రాస్తారు. పిల్లలు బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, మార్కులు తెచ్చుకుంటారు. ఆ లఫ్జుకు మానే ఏమిటో మాత్రం అడగరు, చెప్పేవాళ్లూ తక్కువే.

లాటిన్‌లో 'రేతె' అంటే వల. రెటీనా అంటే వలలాంటిది. మామూలు డిక్షనరీ ఇక్కడితో ఆగిపోతుంది. మరి కంటిపొరకు వల అనే పేరు లాటిన్ వాళ్లకు ఎలా తట్టింది?

జవాబు హకీం సాబుల కితాబుల్లో ఉంది. యునానీ తిబ్‌లో రెటీనాను తబఖా-ఎ-షబకియా అంటారు. షీన్, బే, కాఫ్. అరబీలో షబకా అంటే వల. షబకియా అంటే వలలాంటిది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఉర్దూ తెలిసినవాళ్లకు 'షబ్' అనగానే రాత్రి గుర్తొస్తుంది. షబ్-ఎ-ఖద్ర్, షబ్‌నమ్, అన్నీ ఆ కుటుంబమే. రేచీకటిని షబ్‌కోరీ అంటాం, అది రెటీనాకు సంబంధించిన తక్లీఫే కూడా. దాంతో షబకియా కూడా ఆ షబ్ నుంచే వచ్చిందని అనుకోవడం తేలిక. కానీ ఆ షబ్ ఫార్సీ, ఈ షబకా అరబీ. రెండింటికీ రిష్తేదారీ లేదు.

అయితే షబకియా కూడా మొదటి మాట కాదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, మిస్ర్‌లోని ఇస్కందరియాలో హెరోఫిలస్ అనే గ్రీకు హకీం ఉండేవాడు. మనిషి శరీరాన్ని కోసి లోపల ఏముందో చూసిన తొలి హకీముల్లో అతనొకడు. అతను ఈ పొరను నీళ్లలోంచి పైకి లాగుతున్న చేపల వలతో పోల్చాడని తర్వాతి గ్రీకు వైద్యులు రాశారు. ఏ వల? వాళ్లు వాడిన గ్రీకు మాట విసురు వలకు పేరు. గోదావరి, కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. విసిరిన వలను తాడు పట్టి పైకి లాగితే పైన ఒక్కచోట కూడి, కింద గిన్నెలా బొర్రగా వేలాడుతుంది. కంటి వెనక నరం దగ్గర మొదలై, కనుగుడ్డు లోపల గిన్నెలా విచ్చుకున్న పొరకు ఇంతకంటే మంచి పోలిక దొరకదు. అంటే ఆ పోలిక వల ఆకారం గురించి, వల కన్నాల గురించి కాదు. ఈ నుక్తా తర్వాత దారిలో జారిపోయింది. ఇవాళ చాలామంది రెటీనా మీద రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి కాబట్టి వల అన్నారని చెబుతారు. గ్రీకులో విసురు వలకు వేరే మాట ఉంది. అరబీ షబకాకు వచ్చేసరికి అది ఏ వలైనా కావచ్చు. లాటిన్ రేతెకు వచ్చేసరికీ అంతే. రెండు తర్జుమాల్లో వల మిగిలింది, దాన్ని పైకి లాగుతున్న చెయ్యి పోయింది.

గ్రీకును అరబీ చేసింది ఎవరు? ఆ జమానాలో అందరికంటే పెద్ద పేరు హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. ఇరాఖ్‌లోని హీరాలో 809 ప్రాంతంలో పుట్టి, బగ్దాద్‌లో పనిచేసి, 873లో కన్నుమూశాడు. మతం ఈసాయి. ఖలీఫా ముతవక్కిల్‌కు హకీంగా కూడా ఉన్నాడు. జాలీనూస్, అంటే గాలెన్, కితాబులను సురియానీలోకి, అరబీలోకి తెచ్చాడు. ఏ కితాబు ఎలా తర్జుమా చేశాడో తనే ఒక రిసాలా రాసి పెట్టాడు. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు పోగుచేసి, ఒకదానితో ఒకటి సరిచూసి, ఆ తర్వాతే కలం పట్టేవాడట. గాలెన్ కితాబు ఒకదాని కోసం ఇరాఖ్, షామ్, ఫలస్తీన్, మిస్ర్ దాకా తిరిగాడు. చివరికి దమిష్ఖ్‌లో దొరికింది, అదీ సగమే. ఖలీఫా మామూన్ తర్జుమాలకు తూకం వేసి బంగారం ఇచ్చేవాడన్న కిస్సా ఒకటి ఉంది. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇబ్న్ అబీ ఉసైబియా ఆ పాత ప్రతులు చూసి, కాగితం ఇంత మందం, అక్షరాలు ఇంత పెద్దవి ఎందుకయ్యాయో ఈ తూకమే చెబుతుందని రాశాడు. కిస్సా నిజమో కాదో గానీ నాకు భలే ఇష్టం.

కంటి మీద హునైన్ పది మఖాలాల కితాబు రాశాడు. కంటి పొరలు, వాటి పేర్లు, జబ్బులు, దవాలు అందులో ఉన్నాయి. షబకియా వరసలో నిలబడింది అలాంటి కితాబుల్లోనే. పదకొండో శతాబ్దంలో ఇటలీలో కాన్‌స్టంటైన్ అనే సన్యాసి ఆ కితాబును లాటిన్ చేశాడు. హునైన్ పేరు లేదు. కొన్ని వందల ఏళ్లు అది కాన్‌స్టంటైన్ కంటి పుస్తకంగానే చలామణీ అయింది. దీన్ని చోరీ అంటే నేను అడ్డు చెప్పను. హునైన్ అరబీ మూలాన్ని ఇంగ్లీషు తర్జుమాతో సహా మాక్స్ మేయర్‌హోఫ్ అనే కంటి డాక్టరు ఖాహిరాలో 1928లో అచ్చు వేయించాడు.

కానీ అందరూ అలా చేయలేదు. తులైతులా, ఇప్పటి టొలేడో, 1085లో ముస్లింల చేతిలోంచి పోయింది. కితాబులు మాత్రం అక్కడే ఉన్నాయి. ఇటలీలోని క్రెమోనా నుంచి గెరార్డ్ అనే ఆయన బత్లీమూస్ ఖగోళ గ్రంథం అల్‌మజిస్తీ కోసం అక్కడికి వచ్చాడు. అరబీలో ఉన్న ఇల్మ్ చూసి, జబాన్ నేర్చుకుని, 1187లో చనిపోయేదాకా తర్జుమాలు చేస్తూనే గడిపాడు. డెబ్బైకి పైగా కితాబులు. వాటిలో ఇబ్న్ సీనా అల్-ఖానూన్ ఒకటి. ఇబ్న్ సీనా (980–1037) అందులో మూడో భాగంలో తల నుంచి కాలి దాకా జబ్బులు చెబుతూ కంటి పొరలను వివరించాడు. అక్కడ షబకియా అని ఉన్నచోట గెరార్డ్ రెటీనా అని పెట్టాడు. ఆ లాటిన్ ఖానూన్ యూరప్ వైద్య విద్యార్థులు తరతరాలు చదివిన దర్సీ కితాబు. ఇబ్న్ సీనా పేరుతోనే చదివారు, అవిసెన్నా అని పలికినా సరే.

ఇప్పుడు వాట్సాప్ సంగతి. రెటీనాను కనిపెట్టింది మనవాళ్లే అని ఫార్వర్డులు వస్తుంటాయి. హునైన్‌ను ముస్లిం సైంటిస్టుల లిస్టులో వేసేస్తారు. అవతలివైపు గ్రీసు నుంచి ఒక్క గంతులో యూరప్‌కు దూకే పుస్తకాలున్నాయి, మధ్యలో బగ్దాద్ లేనట్టే. నాకు రెండూ ఒకే రకం బేయిన్సాఫీగా కనిపిస్తాయి. గాలెన్ దృష్టిలో చూపు పుట్టేది కంటి కటకంలో, రెటీనా దానికి బలం అందించే పొర. హునైన్ అదే చెప్పాడు. వెలుగు వస్తువు నుంచి కంట్లోకి వస్తుందని, కంటి నుంచి బయటికి పోదని తేల్చిన ఇబ్న్ అల్-హైసమ్ అంతటివాడు కూడా చూపు స్థానం కటకమే అన్నాడు. బాసెల్ డాక్టరు ఫెలిక్స్ ప్లాటర్ 1583లో దాన్ని రెటీనాకు మార్చాడు. 1604లో కెప్లర్ రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని లెక్క కట్టి చూపాడు. ఆ కెప్లర్ తన పుస్తకం పేరులో పెట్టుకున్న విటెలో, ఇబ్న్ అల్-హైసమ్ ఇల్మ్ మీద నిలబడి రాసినవాడు. ఇందులో మనకు ఫఖ్ర్ పడటానికి చాలానే ఉంది. హునైన్ కల్మా చదివితేనే అది నిలుస్తుందనుకోవడం ఎందుకు? తర్జుమాకారుడి దీన్ అడగకుండా పని అప్పగించిన దర్బారు అది. ఫఖ్ర్ పడాలంటే అదొక్కటి చాలదా?

రెటీనా ఒంటరి కాదు. కంటి ముందు అద్దంలా ఉండే కార్నియాదీ ఇదే సఫర్. గ్రీకువాళ్లు కొమ్ములాంటిది అన్నారు. కొమ్మును పల్చగా గీకితే వెలుగు దాని గుండా వస్తుంది, అదీ పోలిక. అరబీలో ఖర్నియా, లాటిన్‌లో కార్నియా. ఖర్న్ అంటే కొమ్ము. జుమ్మా రోజు సూరా కహఫ్ చదివేవాళ్లకు ఈ మాట కొత్త కాదు, జుల్‌ఖర్నైన్‌లో ఉన్న ఖర్న్ ఇదే. ఖర్న్‌కు తరం అనే మానే కూడా ఉంది కాబట్టి ఆ బిరుదుకు ముఫస్సిర్లు ఒకటికి మించి వివరణలు ఇచ్చారు. కంటి విషయంలో మాత్రం కొమ్మే.

ఇక షబకా ఇప్పటి అరబీలో ఇంకో పనిలో చేరింది. నెట్‌వర్క్‌ను, ఇంటర్నెట్‌ను అరబ్బులు షబకా అనే అంటారు. కడప నుంచి కువైత్‌కు, కరీంనగర్ నుంచి దుబాయ్‌కు పోయిన మన పిల్లలు సిగ్నల్ అందక అమ్మీతో మాట మధ్యలో తెగిపోతే, పక్కనున్న అరబ్బు "షబకా లేదు" అంటాడు. అతను అంటున్నది అమ్మీ కంటి వెనక ఉన్న మాటే.