మతం అడగని కళాశాల

1826లో లండన్‌లో వాటాలు అమ్మి ఒక విద్యాలయం పెట్టారు. ఆంగ్లికన్ మతసూత్రాలను ఒప్పుకుంటూ సంతకం చేయనివారికి అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశం లేదు, కేంబ్రిడ్జిలో పట్టా లేదు. యూదులు, క్యాథలిక్కులు, ఇతర ప్రొటెస్టెంట్లు గడప బయటే ఉండిపోయారు. వాళ్ల కోసం కవి థామస్ క్యాంబెల్, న్యాయవాది హెన్రీ బ్రూమ్ పూనుకున్నారు. తత్వవేత్త జెరెమీ బెంథామ్ స్థాపించాడని చాలామంది చెబుతారు కానీ, ఆయనది ఆలోచనల ప్రభావమే. 1828లో గోవర్ స్ట్రీట్‌లో పాఠాలు మొదలయ్యాయి. దేవుడు లేని చదువంటూ దుమ్మెత్తిపోసినవాళ్లు మరుసటేడే పోటీగా కింగ్స్ కాలేజీకి అనుమతి తెచ్చుకున్నారు.

ఈ తగవు తీర్చడానికి 1836లో చేసిన ఏర్పాటు మన దాకా వచ్చింది. పరీక్షలు పెట్టి పట్టాలివ్వడం కొత్త లండన్ విశ్వవిద్యాలయం పని, పాఠాలు చెప్పడం కాలేజీల పని. గోవర్ స్ట్రీట్ సంస్థ యూనివర్సిటీ కాలేజీ అయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని ఆ నమూనాలోనే నెలకొల్పారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టేదాకా కోస్తా జిల్లాల కాలేజీలు మద్రాసు పరీక్షలకే పిల్లల్ని పంపాయి. మన సి.పి. బ్రౌన్ కూడా స్వదేశం వెళ్లాక ఈ యూనివర్సిటీ కాలేజీలోనే కొంతకాలం తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు.

1878 నుంచి స్త్రీలూ పట్టాలకు అర్హులయ్యారు. పరిశోధనలో కాలేజీకి పేరు తెచ్చినవారిలో విలియం రామ్సే ముందుంటాడు. ఆర్గాన్, నియాన్, క్రిప్టాన్, జినాన్ వాయువుల ఆవిష్కరణలో ఆయన చెయ్యి ఉంది. 1904లో నోబెల్ వచ్చింది.

అదే ప్రాంగణంలో ఫ్రాన్సిస్ గాల్టన్ డబ్బుతో యూజెనిక్స్ వేళ్లూనుకుంది. మనుషుల్లో మేలుజాతి, నాసిజాతి అంటూ లెక్కలు కట్టిన శాస్త్రమది. 1911లో దానికో ఆచార్య పీఠమే వెలిసింది, కార్ల్ పియర్సన్ అందులో కూర్చున్నాడు. గణాంకశాస్త్రానికి ఆయన చేసిన మేలు కాదనలేనిది. అయినా మతం అడగకుండా తలుపు తీసిన చోటే పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టారన్నది నాకు మింగుడుపడదు.

ఎదురు నిలిచినవాళ్లూ అక్కడే ఉన్నారు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ జాతి ఆధిక్యవాదాన్ని ఎండగట్టాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. 1945లో గాల్టన్ పీఠం ఎక్కిన లయొనెల్ పెన్‌రోజ్‌కు ఆ యూజెనిక్స్ పేరే గిట్టేది కాదు. ఆ పేరుతో వచ్చే పరిశోధన పత్రిక పేరును 1954లో మార్చాడు, పీఠం పేరు 1963లో మారింది. గాల్టన్, పియర్సన్ పేర్లను భవనాల మీంచి 2020లో తీశారు. సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది మాత్రం 2021 జనవరిలో.